టేపులో బావగారు

మా ఆయన జనార్దన్‌ని జీవితంలో మొదటిసారి "బావగారూ" అని పిలిచినవాడు ఒక టిష్యూ పేపర్ల దొంగ.

సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకు పక్కనున్న, చవగ్గా తిండి దొరికే హాకర్ సెంటర్‌లో ఆదివారం మధ్యాహ్నం బల్ల దొరకడం గగనం. అందుకని ఇక్కడి జనమందరిలాగే నేనూ ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకుని, ఇక్కడి మాటలో చోప్ చేసుకుని, క్యూలో నిలబడ్డాను. ప్లేట్లు పట్టుకుని వచ్చేసరికి ఒక కుర్రాడు అక్కడ దర్జాగా కూర్చుని నా టిష్యూలతో మొహం తుడుచుకుంటున్నాడు. ఇంగ్లీషులో దులిపేశాను. వాడు బెదిరిపోయి లేచి, "ఇదేం ఊర్రా బాబూ, ఊరికే పెట్టారనుకున్నాను" అని గొణుక్కున్నాడు. ఆ గొణుగుడు తుని వైపుది. నాది కాకినాడ. ఇంకేముంది, తిట్లు అక్కడితో ఆగిపోయాయి.

పేరు ఉపేంద్ర. టీవీ ప్రసారాలకు వీడియో పని చేసే ఒక కంపెనీలో చేరడానికి కొత్తగా వచ్చాడు. తినడం పూర్తయ్యేలోపే నేను వాడికి అక్కనైపోయాను. నన్ను అక్కా అన్నాక పక్కనున్న మనిషిని ఇంకేమనాలి? "బావగారూ, ఆ చిల్లీ సాస్ ఇలా ఇవ్వరా" అన్నాడు.

ఆయన చెయ్యి సాస్ సీసా మీద అలాగే ఉండిపోయింది. మా ఆయన తాతగారు విజయనగరం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న ఆ ఇంట్లో తెలుగు సగం అరవం, పావు మలయ్ కలిసి మిగిలింది. బళ్ళో ఆటల మాస్టారు కాబట్టి పిల్లలకు ఆయన "సర్". లిఫ్టులో కనిపించినవాళ్ళకి "అంకుల్". శని ఆదివారాలు ఫుట్‌బాల్ లీగ్‌లో విజిల్ ఊదుతాడు కాబట్టి మైదానంలో "రెఫ్", దాని వెనక రాయకూడని మాటలు. నాకేమో తోడబుట్టినవాళ్ళు లేరు. ఆయన్ని బావా అని పిలిచే దిక్కు మా పెళ్ళితో రాలేదు.

"వాడు నన్ను ఏమన్నాడు? బావగారు ఆ?" అని ఇంటికొచ్చాక నన్ను అడిగాడు. సాయంత్రం దాకా ఆ మాటను చాక్లెట్‌లా చప్పరిస్తూనే ఉన్నాడు.

తర్వాత ప్రతి ఆదివారం ఉపేంద్ర మా ఇంట్లోనే. బావలు, బావమరుదులు ఒకరినొకరు ఏడిపించుకోవాలని వాడే నేర్పాడు. మా ఆయన పొట్ట మీద వాడు జోకులేస్తే, వాడి పెళ్ళి మీద ఈయన వచ్చీరాని తెలుగులో జోకులేసేవాడు. అంత చెత్త జోకులకు ఇద్దరు మగవాళ్ళు అంతలా నవ్వడం నేనెక్కడా చూడలేదు.

నాకు ఫుట్‌బాల్ పడదు. ఆయన బూట్లకంటిన గడ్డి కడిగేది నేను కాబట్టి ఎందుకు పడదో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ విజిల్ ఆయనకు ఏమిటో నాకు తెలుసు. జీతం కోసం బళ్ళోకి వెళ్ళేవాడు, బతకడం కోసం మైదానంలోకి వెళ్ళేవాడు. ఆ ఏడాది లీగ్ పెద్దలు ఆయన పేరు ఆసియా మ్యాచుల జాబితాకు పంపుతామన్నారు. అప్పుడే లీగ్‌లో వీడియో రిఫరీ పద్ధతి పెట్టారు. మైదానంలో రిఫరీ ఒక నిర్ణయం చేస్తే, గదిలో తెరల ముందు కూర్చున్న ఇంకో రిఫరీ దాన్ని సరిచూస్తాడు. గోల్ కొట్టేవాడికి పాస్ ఇచ్చినవాడి కాలికి బంతి తగిలిన క్షణాన్ని వెతికి పట్టి ఆపి చూపించడం రీప్లే ఆపరేటర్ పని; ఆ పని ఉపేంద్ర కంపెనీకి దక్కింది. ఆ క్షణం దగ్గర తెర మీద గీత గీస్తారు. గోల్ కొట్టినవాడు గీత దాటి ఉంటే ఆఫ్‌సైడ్, గోల్ చెల్లదు.

ఆ శనివారం తెరల ముందు వీడియో రిఫరీగా మా ఆయన, ఆయన పక్కన ఆపరేటర్‌గా ఉపేంద్ర. ఎవరూ పట్టుబట్టి పెట్టింది కాదు. డ్యూటీలు అలా పడ్డాయి.

మ్యాచ్ చివర్లో ఆకుపచ్చ చొక్కాల జట్టు గోల్ కొట్టింది. ఆ మ్యాచ్ గెలిస్తే వాళ్ళదే కప్పు, డ్రా అయితే నీలం చొక్కాలవాళ్ళది. గదిలోంచి ఆఫ్‌సైడ్ అన్నారు. గోల్ కొట్టేశారు. అంటే, కొట్టిన గోల్‌ని లెక్కలోంచి కొట్టేశారు. నీలం చొక్కాలవాళ్ళు కప్పు పట్టుకుపోయారు. స్టేడియంలో అరుపులు టీవీలోంచి విని నేను సౌండ్ తగ్గించేసి కూర తాలింపు పెట్టుకున్నాను.

గీత తప్పు. బంతి అప్పటికే కాలిని వదిలేసిన క్షణం దగ్గర ఆపి గీశారు. ఆ రెప్పపాటులో గోల్ కొట్టినవాడు ముందుకు కదిలాడు. సరైన చోట ఆపి ఉంటే శుభ్రమైన గోల్. ఇంటికొచ్చాక మా ఆయనే చెప్పాడు. చెప్పి, స్నానం కూడా చెయ్యకుండా పడుకున్నాడు.

తప్పులు అందరూ చేస్తారు. తప్పు చేసిన రిఫరీని కొన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టి మళ్ళీ పిలుస్తారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ జనం గోల భరించలేక లీగ్‌వాళ్ళు గదిలో మాటల టేపు బయటపెట్టారు. ఆ మర్నాడు మా అమ్మాయి తన్మయి ఫోన్ పట్టుకుని వచ్చింది. ఇక్కడివాళ్ళందరిలాగే దానికీ మాట చివర "లా" తగిలించే అలవాటు.

"అమ్మా, వాట్ ఈజ్ బావగారు? ఆన్‌లైన్‌లో ఎవ్రీబడీ ఆస్కింగ్ లా."

విన్నాను. ముందు మా ఆయన గొంతు, "కిక్ ఇక్కడే. డ్రా ద లైన్." తర్వాత ఉపేంద్ర, "బావగారూ..." వెంటనే మా ఆయన, "వెయిట్, వెయిట్. ముందు లైన్ వెయ్యి." తర్వాత మళ్ళీ ఆయనే, "ఆఫ్‌సైడ్. చెక్ కంప్లీట్." మైదానంలో విజిల్, ఆట మళ్ళీ మొదలైంది. అప్పుడు ఉపేంద్ర గొంతు నీరసంగా, "బావగారూ, బంతి అప్పటికే కాలు వదిలేసిందండీ. అంతకు ముందు ఫ్రేమ్ చూడాలి." ఆట మళ్ళీ మొదలయ్యాక వెనక్కి వెళ్ళి నిర్ణయం మార్చకూడదని రూలు. ఇద్దరూ మిగిలిన ఆటంతా ఆ తప్పును పక్కన పెట్టుకుని కూర్చున్నారన్నమాట.

కింద ఎవడో మహానుభావుడు అర్థం రాశాడు. బావ అంటే అక్క మొగుడు. ఇంకేం, రిఫరీ తన బామ్మర్దిని గదిలో కూర్చోబెట్టుకున్నాడని ఒకటే ప్రచారం. ఆకుపచ్చ జట్టు అభిమానులు మా తాతలనీ, మా పెళ్ళినీ కూడా వదల్లేదు.

లీగ్ కమిటీ నుంచి పిలుపు వచ్చింది. బంధువులిద్దరు ఒకే మ్యాచ్‌లో పనిచెయ్యకూడదు, ఆ సంగతి దాచితే శాశ్వతంగా విజిల్ లాగేసుకుంటారు, ఆపరేటర్ ఉద్యోగమూ పోతుంది. విచారణ అయ్యేదాకా ఇద్దరూ మాట్లాడుకోకూడదన్నారు. నేను నవ్వేశాను.

"దీనికి బెంగెందుకండీ? నాకు తమ్ముళ్ళే లేరు. వాడికి నేనేమవుతాను? బర్త్ సర్టిఫికెట్లు చూపిస్తే అయిపోయె."

"బంధువు కాకపోతే మరి ఎందుకు అలా పిలిచాడు అంటారు."

"మర్యాదకి అని చెప్పండి."

"ఆ మర్యాదే ప్రాబ్లం లా, కల్పనా" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. అర్థం కాలేదని విసుక్కున్నాను కూడా.

విచారణ రోజు నన్నూ సాక్షిగా రమ్మన్నారు. ముగ్గురు మెంబర్లు, మధ్యలో ఛైర్మన్. ఆయనే ఒకప్పుడు మా ఆయనకు రిఫరీ పని నేర్పిన పెద్దమనిషి. ఉపేంద్ర గోడ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఎవరు వండి పెడుతున్నారో, అసలు తింటున్నాడో లేదో అడగాలని నోటిదాకా వచ్చింది. అడగకూడదు కదా.

"ఇతను మీ తమ్ముడా?" అన్నాడు ఛైర్మన్.

"కాదు."

"పెదనాన్న, పినతండ్రి పిల్లల వరసా? పెళ్ళి ద్వారా ఏమైనా అవుతాడా?"

"ఏ రకంగానూ ఏమీ కాడు."

ఉపేంద్ర నేలచూపులు చూస్తున్నాడు. నేను చెప్పింది అక్షరాలా నిజం. అయినా అబద్ధమాడినట్టు నోరు చేదెక్కింది. ఆ చేదు పోగొట్టుకోవడానికన్నట్టు గబగబా చెప్పుకుపోయాను. మావాళ్ళు మనిషికో వరస కలపనిదే మాట్లాడలేరు, కూరలమ్మే ఆవిడ పిన్నిగారు, ఆటో నడిపేవాడు అన్నయ్య, ఇందులో రక్తసంబంధం ఏమీ ఉండదు అన్నాను. మెంబర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఛైర్మన్ తల ఊపాడు. గెలిచేశామనుకున్నాను.

అప్పుడు ఆయన ఉపేంద్ర వైపు తిరిగాడు. ఆ పిలుపు తర్వాత నువ్వు ఏం చెప్పబోయావు అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఫ్రేమ్ తప్పని సర్."

"గీత గియ్యకముందే నీకు తెలుసా?"

"తెలుసు సర్."

"మరి చెప్పలేదేం?"

"వెయిట్ అన్నారు సర్."

ఛైర్మన్ ఇంకో టేపు వినిపించాడు. వేరే మ్యాచ్, వేరే రిఫరీ. ఆ రిఫరీ కూడా వెయిట్ అంటున్నాడు. ఉపేంద్ర ఆగలేదు. "రాంగ్ ఫ్రేమ్ సర్, రాంగ్ ఫ్రేమ్" అని అతని మాట మీద మాట వేసి మరీ అరుస్తున్నాడు. ఆ గొంతులో భయం లేదు. పనివాడి పొగరుంది.

"అక్కడ చెప్పగలిగావు" అన్నాడు ఛైర్మన్ మెల్లగా. "ఆ రోజు ఆ కుర్చీలో ముక్కూమొహం తెలియని మనిషి ఉండి ఉంటే, ఆగమంటే ఆగేవాడివా?"

మా ఆయన ముందే భయపడింది దీనికేనని అప్పుడు వెలిగింది నాకు. బంధువులు కారని నేను రుజువు చేశాను. అయినా బావగారి మాటకు అడ్డం చెప్పకూడదని వాడి నోరు మూతపడింది. ఆ మాట ఉత్త మర్యాద కాదు. పనిచేసింది. ఉపేంద్ర గనక "ఎవరున్నా ఆగేవాణ్ణే, ఆ రోజు తడబడ్డాను" అంటే తప్పంతా వాడిది, మా ఆయన విజిల్ దక్కుతుంది. వాడు అలా అనాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, పెట్టుకున్నాను.

వాడు నా వైపు చూశాడు. నా మొహంలో ఏం చదివాడో ఏమో, నిటారుగా కూర్చుని, "ఎవరున్నా నేను..." అని మొదలుపెట్టాడు.

"ఉపేంద్రా" అన్నాడు మా ఆయన. అంతదాకా నోరు విప్పని మనిషి, ఒక్కసారిగా తెలుగులో. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈసారి నేను ఆగమనను."

ఏమన్నావని ఛైర్మన్ అడిగాడు. ఆయన అదే మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఉపేంద్ర ఛైర్మన్ వైపు తిరిగాడు.

"వేరేవాళ్ళయితే చెప్పేవాణ్ణి సర్. గట్టిగానే చెప్పేవాణ్ణి. ఆయన మాటకి ఎదురు చెప్పలేకపోయాను."

ఆ క్షణాన వాడంటే నాకు ఎంత కోపం వచ్చిందో, మా ఆయనంటే అంతకన్నా ఎక్కువ వచ్చింది. హరిశ్చంద్రుడి మనవడు దిగాడనుకున్నాను. ఇంటికెళ్ళాక కడిగెయ్యాలని మాటలు కూడబెట్టుకుంటూ కూర్చున్నాను.

కమిటీ పక్క గదిలోకి వెళ్ళి వచ్చింది. వీళ్ళిద్దరూ బంధువులు కారని ఒప్పుకుంటున్నామన్నారు. కానీ పక్కనున్నవాడు ఎదురు చెప్పలేని మనిషి ఆ గదిలో కూర్చోవడానికి తగడన్నారు. ఆకుపచ్చ జట్టు కప్పు పోయింది కాబట్టి మైదానంలోకి కూడా ఇక వద్దన్నారు. ఆసియా జాబితా సంగతి ఎవరూ ఎత్తనే లేదు. ఉపేంద్ర నిజం చెప్పాడు కాబట్టి అతని ఉద్యోగం ఉంటుంది, ఒక షరతు మీద. రిఫరీలెవరితోనూ, ఇప్పుడున్నవాళ్ళతోనైనా మానేసినవాళ్ళతోనైనా, పనికి బయట రాకపోకలు పెట్టుకోకూడదు. కాదంటే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ లేదు. పాస్ లేకపోతే తుని.

మా ఆయన జేబులోంచి బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టాడు. ఛైర్మన్‌తో చేయి కలిపాడు. థాంక్యూ కూడా చెప్పాడు. రెప్ప కూడా తడవలేదు. ఇన్నేళ్ళ పిచ్చిని ఇంత తేలిగ్గా వదిలేశాడేమిటని నాకే గుండె జారింది.

లిఫ్టు దగ్గరికి వెళ్ళేసరికి ఉపేంద్ర అక్కడే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నాడు. తలుపు తెరుచుకుంది. మూసుకుపోకుండా చెయ్యి అడ్డం పెట్టాడు కానీ లోపలికి రాలేదు. వెనక నుంచి కమిటీవాళ్ళు వస్తున్నారు.

"రారా, కలిసి దిగుదాం" అన్నాడు మా ఆయన.

వాడు వెనక్కి ఒకసారి చూసుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, చేతులు కట్టుకుని, "మీరు వెళ్ళండి సర్. నేను తర్వాత వస్తాను సర్" అన్నాడు.

తలుపు మూసుకుంది. మా ఆయన మూలకి తిరిగి, గోడకి నుదురు ఆనించి, పెద్దగా ఏడ్చేశాడు. కూడబెట్టుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో నాకు తెలియదు. భుజం పట్టుకుని నిలబడ్డాను. లిఫ్టు గోడల అద్దాల్లో ఎన్ని వైపుల నుంచి చూసినా ఏడుస్తున్న ఆ మనిషే కనిపిస్తున్నాడు.

"సర్ అన్నాడు, కల్పనా" అన్నాడు వెక్కుతూ. "విన్నావా? నన్ను సర్ అన్నాడు."