కాలువకు నీళ్లొచ్చే ముందు రోజు

నేను ఒక లారీ ట్యూబును. రాయుడుగారి చేపల చెరువులో నాగమల్లి నన్ను రెండు చేతులా కావలించుకుని వేలాడుతుండగా ఆ శుభవార్త వచ్చింది. గట్టు మీద ఫోను మోగింది. ఇందుమతి గబగబా ఒడ్డెక్కి మాట్లాడి, తడి చేత్తో నోరు మూసుకుంది. ఆమె దగ్గర ఈత నేర్చుకుంటున్న పిల్లల్లో ఇద్దరికి, దుర్గారావుకీ హేమలతకీ, క్రీడా హాస్టల్లో సీట్లు వచ్చాయి.

పిల్లలంతా కేకలు పెట్టారు. నాగమల్లి కూడా పెట్టింది కానీ నన్ను మాత్రం వదల్లేదు. దాని గోళ్లు నాలో దిగుతున్నాయి. వాల్వు పక్కనున్న పాత అతుకు కింద నుంచి సన్నగా గాలి పోతోందని నాకు అప్పుడే తెలిసింది. చెప్పడానికి నాకు నోరేది? బుడగలు వదిలాను. ఆ సంబరంలో వాటిని ఎవరూ చూడలేదు.

నేను పుట్టింది ఫ్యాక్టరీలో, కాలిపోయే అచ్చులో. పుట్టీ పుట్టగానే ఒళ్లంతా తెల్లపొడి పూసి టైరులో కూరేశారు. ధాన్యం లారీ వెనక చక్రంలో ఏళ్ల తరబడి తిరిగాను. ఎన్ని ఊళ్లు తిరిగానో, ఒక్క ఊరూ చూడలేదు. ఒంటి నిండా అతుకులు పడ్డాక పంక్చరు షాపు కొక్కేనికి తగిలించారు.

అక్కడి నుంచి ఊరివాళ్లు నన్ను లాక్కుని పరుగెత్తింది నిరుడు వానాకాలంలో. ఈ ఊరి పిల్లలు కాలువ మీద వేసిన రెండు తాటిదుంగల మీదుగా బడికి వెళతారు. ఆ రోజు రాయుడుగారి మనవడు చంటిబాబు కాలు జారాడు. నన్ను నీళ్లలోకి విసిరారు. వాడికి నేను అందలేదు. పరుగు పందెంలో వాడు మండలానికే ఫస్టు. ఆ సంగతి కాలువకు తెలియదు.

వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేశాక ఇందుమతి కొత్త కోడలై ఆ దుంగల మీదుగానే ఊళ్లోకి వచ్చింది. కాలేజీ తరఫున ఈత పోటీలకు వెళ్లిన పిల్ల. చంటిబాబు సంగతి విని, కాళ్ల పారాణి పోకముందే చెరువులో దిగింది. దిగే ముందు ఎర్రగాజులు తీసి నా వాల్వు కాడకు తగిలించేది. నేను ఊగినప్పుడల్లా అవి గలగలమనేవి. టైరు చీకట్లో బతికినదాన్ని కదా, ఆ చప్పుడు కోసం పొద్దున్నే ఎదురుచూసేదాన్ని. ఆమె భర్త శ్రీనుబాబు తువ్వాళ్లు పట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. ఆమె మునిగినప్పుడల్లా ఒడ్డునున్న అతను కూడా ఊపిరి బిగబట్టేవాడు.

కబురు తెలిసి రాయుడుగారు వచ్చారు. చెరువు బురద చేస్తున్నారని ఇన్నాళ్లూ కసిరిన మనిషి, నన్ను గట్టు మీదకు తీయించి బంతిపూల దండ వేశారు. దుర్గారావునీ హేమలతనీ నాకు చెరోపక్క నిలబెట్టి ఫొటో తీయించారు. మిగతా పిల్లల్ని పక్కకు జరగమన్నారు. అందరికంటే ముందు నాగమల్లి జరిగింది, అలవాటైన పనిలా.

రేపటి నుంచి చెరువు ఈ ఇద్దరికేనని ఆయన చెప్పారు. "మా చంటిగాడు తేవలసిన పేరమ్మా ఇది. వీళ్లు తెస్తారు. ఆ మల్లికి వేసవంతా నేర్పినా ట్యూబు వదల్లేదు. దానికెందుకు చెప్పు?"

"వీళ్లిద్దరికీ హాస్టల్లో నేర్పేవాళ్లున్నారు బాబాయిగారూ. మల్లికి నేనొక్కదాన్నే," అంది ఇందుమతి.

"నేర్చుకుని అదేం పతకాలు తెస్తాది?"

"ఇంటికి తిరిగొస్తుందండీ."

శ్రీనుబాబు చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. అప్పుడే రోడ్డు మీద మైకు ఆటో వెళ్లింది. ఆనకట్ట దగ్గర తలుపులెత్తారట, తెల్లారేసరికి కాలువకు నీళ్లొస్తాయట, జాగ్రత్తట. ఎల్లుండి బడి తెరుస్తారు. గట్టుకు అవతల ఎండిన కాలువ, పగుళ్లిచ్చిన అడుగు, దాని మీద ఆ రెండు దుంగలు. పిల్లలందరూ అటే చూశారు.

రాయుడుగారు చెరువు గేటు తాళంచెవి చేతిలోకి తీసుకున్నారు. దాన్ని అటూ ఇటూ తిప్పారు. తర్వాత శ్రీనుబాబు పక్కన గట్టు మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయారు.

గాజులు తీసుకుందామని ఇందుమతి నా మీదకు వంగింది. సన్నగా బుస్సుమంటున్న చప్పుడు ఆమె చెవిన పడింది. అతుకు మీద వేలు పెట్టి చూసింది. నాగమల్లి ముఖం పాలిపోయింది. తనకు చెప్పకుండా ఎవరో మోసం చేసినట్టు నా వైపు చూసింది. ఇందుమతి నా వాల్వు పిన్ను తిప్పి తీసేసింది. వేసవంతా బిగబట్టుకున్న గాలంతా పోతుంటే, బంతిపూల దండతో సహా నేను గట్టు మీద చతికిలబడ్డాను. భయం వేసింది. నా కోసం కాదు.

ఆమె గాజులు ఒక్కొక్కటే వేసుకుంటూ పిల్లలతో అంది. "రేపు తెల్లవారేసరికి అందరూ ఇక్కడుండాలి. మల్లీ, ముందు నువ్వే దిగుతావు. ట్యూబు ఉండదు. నా చెయ్యి ఉంటుంది. కాసేపయ్యాక అదీ తీసేస్తాను."