వరస చివరి కుట్టు

ఆ వీధిలో అన్నిటికంటే ముందు తెరుచుకునేది బొత్తాల కొట్టు. పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని మేడమెట్లు దిగొచ్చేసరికి పిట్ట షట్టరెత్తి, నేల తుడిచి, హీటరు వెలిగించి, జిప్పులూ లేసులూ బల్ల మీద సర్దేసి ఉండాలి. లేకపోతే ఆ పూటకి సరిపడా తిట్లు పడేవి. "తిండీ పిట్టంతే, పనీ పిట్టంతే" అని పెద్దమ్మ దెప్పగా దెప్పగా ఆ పేరే నిలిచిపోయింది. తల్లి పోయాక ఆ ఇంటికొచ్చిన పిల్ల ఆమె. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

చలికాలం మొదలవుతుండగా కొట్లోకి లావు ఉన్ని వచ్చింది. పోగు చిటికెన వేలంత మందం. పెద్దమ్మ ఒక ఉండా, గరిటె కాడంత కొక్కెం సూదీ తెచ్చి పిట్ట ఒళ్లో పడేసింది.

"మఫ్లర్ అల్లు. కిటికీలో వేలాడదీద్దాం."

"నాకు రాదుగా పెద్దమ్మా."

"రాదు కాబట్టే నిన్నల్లమంటున్నా. నీలాంటి మొద్దు కూడా అల్లిందంటే ఊళ్లోవాళ్లంతా ఉన్ని కొనుక్కుపోతారు."

పని చూస్తే సులువే. ముందొక ముడి, ముడిలోంచి గొలుసు. గొలుసు జానెడు వెడల్పయ్యాక వెనక్కి తిరిగి, ఒక్కో కంట్లో సూది దూర్చి పోగు లాగడం, మళ్లీ లాగడం. వరస అయ్యాక తిప్పి ఇంకో వరస. అంతే.

అల్లేటప్పుడు పక్కన ఆడిన మాటలు ఉన్నిలో ఉండిపోతాయనీ, విప్పితే పోతాయనీ చిన్నపిల్లలకి కూడా తెలుసు. విప్పాక అల్లిన మనిషికి తప్ప అన్నవాళ్లకీ విన్నవాళ్లకీ ఆ మాటలు గుర్తుండవు. అందుకే బుద్ధున్న మొగుడూపెళ్లాలు దెబ్బలాడుకోబోయే ముందు ఇంట్లో ముసలావిడ చేతికి సూది అందించేవాళ్లు. ఆవిడ అల్లినంతసేపూ కడుపారా తిట్టుకుని, ఆవిడ విప్పేశాక "అన్నం తిందామా" అంటూ లేచేవాళ్లు. ముసలావిడలకి మాత్రం అన్నీ గుర్తే, చెప్పినా నమ్మేవాళ్లు లేరు. వాళ్ల గురించి ఎవరూ ఆలోచించేవాళ్లు కాదు.

పక్క కొట్టు అద్దాలతనిది. కిటికీ అద్దాలు, నిలువుటద్దాలు కోసి బిగిస్తాడు. వేళ్లకి ఎప్పుడూ ప్లాస్టర్లే. అతని కొట్లో హీటరు లేదు. మధ్యాహ్నం పెద్దమ్మ కునుకు తీసే వేళకి చేతులు కాచుకోడానికి వచ్చేవాడు. గొలుసు వేస్తున్న పిట్టని చూసి మొదటిరోజు అన్నాడు.

"ఈ ఉరితాడు ఎవరి మెడకండీ?"

పిట్ట నవ్వింది. ఆ కొట్లో ఆమె నవ్వు వినబడటం అదే మొదలు.

తర్వాత రోజూ వచ్చాడు. చిన్నప్పుడు అద్దంలో మనిషి రాత్రికి బయటికొస్తాడని భయపడి గోడకేసి తిరిగి పడుకునేవాడట. "చివరికి వాళ్లమధ్యే బతుకుతున్నా చూడు" అని తనే నవ్వాడు. మఫ్లర్ మోకాళ్లు దాటింది. మీరు కాస్తా నువ్వయింది. ఒక మధ్యాహ్నం చేతులు కాచుకోవడం మానేసి ఆమెకేసి తిరిగాడు.

"నా కొట్లో ఎటు తిరిగినా నా మొహమే. విసుగొచ్చింది. ఇంకో మొహం కావాలి." కాసేపు ఆగాడు. "నీది."

పిట్ట తలెత్తి చూసింది. ఊఁ అంది. మఫ్లర్ అయిపోగానే పెద్దమ్మని అడుగుతానన్నాడు.

అయిపోయింది. పెద్దమ్మ దాన్ని బల్ల మీద పరిచి చూసింది. వరస చివరి కుట్టు దొంగది, కంటికి కనబడదు. కొత్తవాళ్లంతా దాన్నే వదిలేస్తారు. నాలుగైదు వరసలకో కుట్టు తగ్గుతూ తగ్గుతూ పిట్ట మఫ్లర్ ఒక కొసన జానెడు, ఇంకో కొసన రెండు వేళ్లు అయి కూర్చుంది.

"ఇది మఫ్లరా, ఏనుగు తొండమా? కిటికీలో పెడితే జనం కొట్టు ముందు నిలబడి నవ్వుతారు."

"కిటికీలో వద్దు పెద్దమ్మా, నేనే వేసుకుంటా. విప్పకు. అందులో మాటలున్నాయి."

"మాటలదేముంది, మళ్లీ ఆడుకోండి" అని పెద్దమ్మ కొస పట్టుకుని సర్రున లాగేసింది.

మర్నాడు అద్దాలతను వచ్చాడు. మర్యాదగా హీటరు ముందు నిలబడ్డాడు.

"మొన్న నువ్వు నన్నడిగావు" అంది పిట్ట. "పెళ్లి చేసుకుంటానన్నావు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నేనాండీ? ఎవరినో చూసి నేననుకున్నట్టున్నారు" అంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. పిట్ట సూది తీసి గొలుసు మొదలుపెట్టింది. అతను కాసేపు చూశాడు.

"ఈ ఉరితాడు ఎవరి మెడకండీ?"

నవ్వాలి కాబట్టి నవ్వింది.

సూది పక్కన పెట్టి మాట్లాడదామంటే కుదిరేది కాదు. చేతులు ఆగిన చప్పుడుకి కూడా పెద్దమ్మ నిద్ర లేచేది. అందుకని ఈసారి చివరి కుట్టు వేలితో తడిమి తడిమి పట్టుకుంటూ అల్లింది. అతను మళ్లీ గోడకేసి తిరిగి పడుకున్నాడు, మళ్లీ తనే నవ్వాడు, మళ్లీ ఇంకో మొహం కావాలన్నాడు. ఈసారి పిట్ట ఏడ్చింది. సంతోషమనుకుని అతను కళ్లు తుడిచాడు.

చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని అతను అడగడానికొచ్చిన సాయంత్రం మఫ్లర్ బల్ల మీదే ఉంది. అంచులు తిన్నగానే ఉన్నాయి. కానీ భయంతో బిగించి వేసిన మొదటి గొలుసు ముడుచుకుపోయి, ఆ కొస విల్లులా వంగింది.

"ఆదిలోనే హంసపాదు" అంది పెద్దమ్మ. "మొదలు బిగుసుకుంటే మధ్యలో ఏం చేసినా దండగ. విప్పు. ఈసారి నీ చేత్తోనే విప్పు, అప్పుడుగానీ గుర్తుండదు."

"పెద్దమ్మగారూ, మీతో ఒక మాట..." అన్నాడు అద్దాలతను గుమ్మంలోంచి.

"ఆగు బాబూ, పని అవనీ. విప్పవే. ఇది నా కొట్టు, నా ఉన్ని, నా ఇల్లు. ఇష్టం లేకపోతే తలుపు తెరిచే ఉంది."

బయట చలి. బయట ఆమెకి ఎవరూ లేరు. ఉన్న ఒక్కడూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిట్ట అతన్నే చూస్తూ లాగింది. వరస తర్వాత వరస పోతుంటే అతని మొహంలో దీపాలు ఒక్కొక్కటే ఆర్పినట్టయింది. చివరి పోగు ఊడాక తన మంచి చొక్కా కేసి ఒకసారి, పెద్దమ్మ కేసి ఒకసారి చూశాడు.

"నేనెందుకొచ్చాను?"

"బొత్తాలకేమో" అంది పెద్దమ్మ.

మూడోసారి పిట్ట చేతులు వాటంతటవే అల్లాయి. ఉరితాడుకి నవ్వలేదు. అద్దంలో మనిషి కథకి ఊఁ కొట్టింది. ఇంకో మొహం కావాలని అతను ఆగినప్పుడు, ఆ మాట ఆమె నోట్లోంచే జారిపోయింది.

"నాది."

అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నా మనసులో మాట నీకెలా తెలిసింది? చూశావా, మనిద్దరికీ రాసిపెట్టి ఉంది!"

పిట్ట ఆ మొహంలోకి చూసింది. కొత్తగా ఉంది, అప్పుడే కోసి తుడిచిన అద్దంలా. తనలో వెతుక్కుంటే ఉతికి ఉతికి వెలిసిన గుడ్డ తప్ప ఏమీ దొరకలేదు. తప్పు అతనిది కాదని ఆమెకి తెలుసు. అయినా రెండుసార్లు మర్చిపోయాడు, రెండుసార్లూ హాయిగా నిద్రపోయాడు. అది మాత్రం క్షమించలేకపోయింది.

"రేపు చెప్తా" అంది.

సాయంత్రం పెద్దమ్మ మఫ్లర్‌ని పరిచింది, తిరగేసింది, కొసలు కలిపి చూసింది, వేలితో అంచంతా తడిమింది. చాలాసేపటికి తలెత్తింది.

"నేను తప్పు పట్టడానికి ఇందులో ఏమీ లేదు. రేపు కిటికీలో పెట్టు." గొంతు సవరించుకుంది. "ఆ అద్దాలబ్బాయి అడిగితే చేసుకో. మధ్యాహ్నాలు నాకు నిజంగా నిద్ర పడుతుందనుకున్నావా ఏం, అన్నీ వింటూనే ఉంటా. ఉన్ని లాగితే నేనూ మర్చిపోతాను గానీ, నీ మొహం చూస్తే తెలీదా? పనికి ఇంకెవరినైనా చూసుకుంటాలే."

పిట్ట మఫ్లర్ ఒళ్లోకి తీసుకుంది. కొస ముడి విప్పింది. లాగింది.

"ఒసేయ్! పిచ్చిదానా! ఒక్క తప్పూ లేదే అందులో!"

"లేదు పెద్దమ్మా" అంది పిట్ట, లాగుతూనే.

చలి తగ్గాక అద్దాలతను ఒక రోజు కోటు పట్టుకుని బొత్తాల కొట్టుకొచ్చాడు. పై వీధి దర్జీగారమ్మాయితో పెళ్లి కుదిరిందట, కోటుకి మంచి బొత్తాలు కావాలట. పిట్ట పెట్టె దింపి, బట్ట రంగుకి పోల్చి, నల్లటివి తీసి బల్ల మీద పెట్టింది. అతను వాటిని చూస్తూ మొహమాటంగా నవ్వాడు.

"ఇన్నాళ్లుగా పక్కపక్క కొట్లలో ఉన్నాం. ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకున్నామా చెప్పండి?"

"తీరికేదండీ" అంది పిట్ట, బొత్తాలు పొట్లం కడుతూ.