బండి గుంజుతలేదు

శంకరప్ప ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత మళ్లీ విప్పాడు. ఎన్నోసారో ఆయనకే గుర్తులేదు. లోపల ఫిల్టర్ తెల్లగా, ఏ పాపం ఎరగనట్టు కూర్చుని ఉంది. మొన్ననే తాను మార్చినది. దాన్ని చూస్తే ఒళ్లు మండింది. బయటికి లాగి తొడకేసి కొట్టాడు. దుమ్ము రాలలేదు. మళ్లీ లోపల పెట్టి, మూత బిగించి, పానాను నేలకేసి కొట్టబోయి ఆగాడు. పానా తనదే కదా.

బీదర్ నుంచి కమఠాణ పోయే దారిలో ఉంది ఆయన రేకుల షెడ్డు. గాలి వీస్తే ఎర్రమట్టి లేచి పానాల మీద, టీ గ్లాసుల మీద, ఆయన నెరిసిన కనుబొమల మీద పడుతుంది. ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడ్డ తెల్ల కారు గురునాథ్‌ది. గురునాథ్ పొద్దున కమఠాణ పిల్లల్ని బీదర్ బడికి తెస్తాడు, సాయంత్రం తీసుకుపోతాడు, మధ్యలో ఎవరు పిలిస్తే వాళ్లకు కిరాయికి పోతాడు. ఆ కారుకు ఈమధ్య ఒక మాయరోగం పట్టుకుంది. గేరు మార్చినప్పుడు ఉన్నట్టుండి బలం పోతోంది. రెండో గేరు దాకా బాగానే వచ్చి, మూడు వేయగానే ఉసూరుమంటుంది. వెనక లారీవాడు హారన్ కొట్టి తిడతాడు. కాస్త దూరం పోయాక దానంతటదే అందుకుంటుంది.

చిరాకు అందుకు కాదు. శంకరప్ప నడిపితే బండి బంగారంలా పోతుంది. గురునాథ్ నడిపితేనే రోగం బయటపడుతుంది. బండికి మనుషుల్ని గుర్తుపట్టే తెలివి ఎక్కడిదని శంకరప్ప పళ్లు కొరుక్కున్నాడు.

డీజిల్ ఫిల్టర్ మార్చాడు. పైపులన్నీ వేలితో తడిమి పగుళ్లు వెతికాడు. గేరుబాక్సు దించి క్లచ్ ప్లేట్లు చూశాడు, అవి కొత్తవాటిలా ఉన్నాయి. ఇది చాలదన్నట్టు సలహాలొకటి. పక్కన పంక్చర్లు వేసే అహరోను పంపు పోయిందన్నాడు. టీ తెచ్చినవాడు గేరుబాక్సు అన్నాడు. టైర్లలో గాలికొచ్చిన ఒక పెద్దమనిషి ఫోనులో వీడియో చూపించబోతే, గాలి నింపుకొని దయచేయమని శంకరప్ప మొహం మీదే చెప్పాడు. ఊళ్లో అందరూ మెకానిక్కులే, తానొక్కడే కాదు.

నిర్ణా అనే పల్లె నుంచి మీసాలు మొలవని వయసులో వచ్చి, ఒక ఉస్తాద్ దగ్గర పానాలు కడుగుతూ నేర్చుకున్న పని ఇది. ఇంజను మాట్లాడేటప్పుడు కళ్లు మూసుకొని వినమని ఉస్తాద్ చెప్పాడు. అప్పటి నుంచి శంకరప్ప అలాగే వింటాడు. ట్రయల్‌కు పోతే పక్క సీట్లో కూర్చుని, కళ్లు మూసి, అరచేయి డాష్‌బోర్డు మీద ఆనించి వింటాడు. ఇంజన్ల మాట వింటాడు గానీ ఇంట్లో మనిషి మాట వినడని భార్య రాచమ్మ ఎప్పుడూ ఎత్తిపొడుస్తుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మోకాళ్లు అరిగాయి, గోళ్ల కింద నలుపు ఏ సబ్బుకూ పోలేదు, చెవులు మాత్రం ఇంతకాలం ఒక్కసారీ మోసం చేయలేదు. ఇప్పుడు అవి కూడా పోతున్నాయేమోనన్న భయం లోలోపల మొదలైంది. ఆ భయానికే ఇంత కోపం.

పైగా గురునాథ్ బండి. ఈ షెడ్డు పెట్టినప్పుడు నమ్మి మొదట వచ్చిన బండి అతనిదే. దసరాకు గురునాథ్ వచ్చి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేదాకా శంకరప్ప తన పానాలకు పూజ చేయడు. అలాంటివాడు స్టూలు మీద కూర్చుని, ఒక్క మాట తొందరపెట్టకుండా చూస్తుంటే ఇంకా చిరాకు. తిట్టినా బాగుండును.

బడి విడిచే వేళ దగ్గరపడుతోంది. శంకరప్ప బానెట్ దభాలున వేశాడు.

"నడువ్, ఇంకొకపాలి చూద్దాం. ఈ బండి నా దిమాగ్ తింటాంది."

గురునాథ్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. శంకరప్ప పక్కన కూర్చుని, పానాను ఒళ్లో పెట్టుకుని, అలవాటుగా కళ్లు మూశాడు. మొదటి గేరు, రెండో గేరు. ఇంజను నిండుగా పలికింది. మూడు పడింది. గొంతు జారిపోయింది. వినడానికి ఏమీ లేదు. పైపు ఈల లేదు, ప్లేట్లు జారే వాసన లేదు. ఎవరూ ఏమీ అడగనట్టు ఇంజను ఊరికే ఉంది. అంతలో బండి గుంతలో పడి ఎగిరింది. ఒళ్లోని పానా జారి డ్రైవరు వైపు పడింది. శంకరప్ప విసుక్కుంటూ, కళ్లు తెరిచి, దానికోసం వంగాడు.

గురునాథ్ కుడికాలు యాక్సిలరేటర్ పెడల్ మీద లేదు. పెడల్ పక్కన, ఉత్త నేల మీద ఉంది. ఉత్త పాదం. దాన్ని అతను గట్టిగా అదుముతున్నాడు, పిక్క నరం కూడా బిగుసుకుంది. బండి అందుకోకపోయేసరికి పాదం అటూ ఇటూ వెతుక్కుని పెడల్ మీదికి ఎక్కింది. ఇంజను లేచింది. దానంతటదే అందుకోవడమంటే ఇదీ.

చెప్పు బ్రేకు పెడల్ కింద బోర్లా పడి ఉంది.

శంకరప్ప ముందు చెయ్యి చాపి దాన్ని లాగేశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"గురునాథ్, నీ కుడికాలి చెప్పేది?"

"కాలికే ఉన్నది," అన్నాడు గురునాథ్, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

శంకరప్ప చెప్పును ఒళ్లో పెట్టుకున్నాడు. బండి పక్కకు ఆపమన్నాడు. ఆగాక చెప్పు చూపించాడు. గురునాథ్ దాన్ని చూశాడు, వంగి తన పాదాన్ని చూసుకున్నాడు. బొటనవేలి గోరు లేచి, చుట్టూ రక్తం ఎండిపోయి ఉంది. ఎప్పుడు తగిలిందని అడిగితే తెలియదన్నాడు. తర్వాత కొద్దికొద్దిగా చెప్పాడు. వానాకాలం నుంచి కాళ్లకు దూది చుట్టినట్టుంటోందట. షుగరు మాత్రలు ఒకనాడు వేసుకుంటే ఒకనాడు లేదట. ఇంట్లో భార్య జగదేవికి కూడా చెప్పలేదట.

"బండిలనే ఏదో ఉన్నదనుకున్న శంకరన్నా. నిజంగ అనుకున్న." ఇంకా చిన్న గొంతుతో అన్నాడు. "ఏదన్న పార్టు పోయిందని చెప్పరాదా?"

"మూడొద్దుల సంది గదే దేవులాడుతున్న," అన్నాడు శంకరప్ప. "దొరికుంటె మంచిగుండు. చెప్పు బ్రేకు కింద పడ్డది గురునాథ్. వెనక పిల్లలుంటరు."

గురునాథ్ వెనక సీటు వైపు తిరిగి చూశాడు. అక్కడ ఎవరిదో నీళ్ల సీసా మూత పడి ఉంది. తాళం తీసి శంకరప్ప చేతిలో పెట్టాడు.

సీట్లు మార్చుకుని షెడ్డుకు తిరిగి వచ్చారు. రేపు పొద్దున్నే దవాఖానాకు తానే తీసుకుపోతానని, ఈ పూట పిల్లల్ని తానే దింపుతానని శంకరప్ప చెప్పాడు. పక్కన కూర్చుని రమ్మంటే గురునాథ్ ఒప్పుకోలేదు. ఆ సీట్లో ఎందుకు కూర్చున్నావని పిల్లలు అడుగుతారట. నయమవుతుందా అని మాత్రం అడిగాడు. శంకరప్పకు తెలియదు. తెలియదనే చెప్పాడు. గురునాథ్ వంగి, చెప్పును చేత్తో పాదానికి తొడుక్కుని, పట్టీ సరిచూసుకుని దిగాడు. రోడ్డు మీద, బీదర్ వైపు కాస్త దూరంలో, కమఠాణ పోయే ఆటో ఒకటి కదలబోతుంటే చెయ్యెత్తి అటు నడిచాడు.

శంకరప్ప ఆ వైపు చూడలేకపోయాడు. వంగి పానా వెతికి తీసి, వెనక సీటు మీద పడేసి, బండి స్టార్ట్ చేశాడు. తన చెవులకు ఏమీ కాలేదు. ఆ సంగతి తెలిసినా సంతోషం కలగలేదు. ఒకటి, రెండు, మూడు. ఎక్కడా తడబడకుండా బండి గుంజుకుపోయింది. వెంటనే బ్రేకు తొక్కాల్సి వచ్చింది.

ఆటో అప్పటికే మలుపు దాటిపోయింది. అది ఆగిన చోట, ఎర్రమట్టిలో, కుడికాలి చెప్పు ఒక్కటి పడి ఉంది.