కిటికీకి కొట్టిన ఫిల్ము

లారీ తోలే ఖాదర్ వలి పత్తి బేళ్ల మీంచి జారిపడ్డాడని, పక్కటెముక విరిగిందేమోనని తీయించిన ఎక్స్‌రే అది. ఎముక నిక్షేపంగా ఉంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో శనగగింజంత తెల్లమచ్చ మాత్రం ఎవరూ అడక్కుండానే బయటపడింది.

గుంటూరు బ్రాడీపేట డాక్టరు ఆ మచ్చనీ, మద్రాసు నుంచి వచ్చిన రక్తం రిపోర్టునీ మార్చి మార్చి చూశాడు.

"హెచ్ఐవీ అని ముందే ఎందుకు చెప్పలేదు?"

ఖాదర్ వలి తల దించుకున్నాడు. భార్య జానీబీ దించుకోలేదు.

"రిపోర్టు ఇచ్చింది నేనేనండీ. మచ్చేంటో చెప్పండి."

"టీబీ అయినా, కాన్సరైనా ఈ జబ్బున్నోడికి ఒకటే. ఇంటికి తీసుకుపో."

"ఒకటెట్టా అవుద్దండీ? టీబీకి మందుందిగా. అదేంటో చూడకుండానే పాడె కట్టమంటారా?"

డాక్టరు మొహం చిట్లించాడు. "పాత ఫిల్ముంటే పోల్చొచ్చు. అప్పుడూ ఇంతే ఉంటే భయం లేదు. మీరెక్కడ దాస్తారులే!"

దాచారు. అయిదేళ్ల కిందట దగ్గుకి తీయించిన ఫిల్ము చిలకలూరిపేటలో బావగారింట్లో ఉంది. వంటింటి కిటికీ అద్దం పగిలితే దానికి మేకులేసి కొట్టారు. రక్తం సంగతి తెలిసి, పోయిన నెలలో మొగుడూపెళ్లాల్ని గెంటేసిన ఇల్లూ అదే.

తోడికోడలు సర్దార్‌బీ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"గడప తొక్కావో, కాళ్లిరగ్గొడతా."

"ఫిల్ము కోసం వచ్చానక్కా."

"తీస్తే వాన నువ్వు ఆపుతావా?"

"నీ మరిది రొమ్ము అడ్డం పెట్టుకుని ఇన్నేళ్లు ఆపుకున్నావుగా, ఇక చాల్లే!"

జానీబీ గడప తొక్కలేదు. ఇంటి వెనక్కి వెళ్లి, బయటినుంచే కొడవలి మొనతో మేకులు ఊడబెరికింది. సర్దార్‌బీ శాపనార్థాలు బస్సెక్కేదాకా వినిపించాయి.

అంచులు చిరిగి, పొగచూరిన ఆ ఫిల్మును డాక్టరు కొత్తదాని పక్కన పెట్టి స్కేలుతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"అదే చోటు, అదే సైజు. ఎప్పుడో మానిన మచ్చ. అయినా ఈ రక్తంతో ధీమా పనికిరాదు. పెద్దాసుపత్రిలో మూడుసార్లు కఫం చూపించండి, మూడు నెలలకి మళ్లీ ఫిల్ము తీయించండి. ఇక్కడికి మాత్రం రావద్దు. మిగతా పేషెంట్లు పారిపోతారు."

"రామండీ. ఇప్పుడు చెప్పిందంతా రాసివ్వండి. ఉత్త మాటలకి అక్కడ మమ్మల్ని ఎవరు నిలబడనిస్తారు?"

అతను విసవిసా ఇంగ్లీషులో గీకి కాగితం విసిరాడు. జానీబీ దాన్ని మడవకుండా మళ్లీ అతని ముందే పెట్టింది.

"కింద తెలుగులో కూడా రాయండి. చదువుకున్నాకే లేస్తాను."