కడియాల బరువు

సుబర్ణికి మొదటి బిడ్డ పోయాక పుట్టిన బుద్రకి, వీడైనా దక్కాలని, ఆమె అత్తగారు లావుపాటి ఇత్తడి కడియాలు తొడిగింది. కొత్తబియ్యం పండగ దాకా తీయకూడదంది. ఆ కోరాపుట్ కొండ ఊరి అంగన్‌వాడీ టీచరు పద్మినిదీ అదే ఊరు. తీయమనడానికి నోరు రాలేదు. ‘ఎంతుంటాయిలే’ అనుకుని మూడు నెలలూ వాణ్ణి కడియాలతోనే తూచింది. బరువు చార్టులో చుక్క ప్రతిసారీ, ప్రమాదాన్ని చూపే ఎర్రగీతకి వెంట్రుకవాసి పైన పడింది.

జ్వరంతో వాణ్ణి పట్నం ఆసుపత్రికి తెస్తే, నర్సు ఎవర్నీ అడక్కుండా కడియాలు లాగేసి తూచింది. ఈసారి చుక్క ఎర్రగీత కింద పడింది, అదీ అట్టడుగున.

వెంట వచ్చిన పద్మిని ఆ కడియాలను అదే తూకం మిషను మీద పెట్టింది. నాలుగు వందల గ్రాములు. అలాంటి జతే ఇంకోటి విడిగా తూచి, ఆ బరువు తీసేసినా సరిపోయేది. ఆ బుద్ధి అప్పుడు ఏ గంగలో కలిసిందో.

తప్పు ఒప్పుకుందామని కడియాలు పట్టుకుని బుద్ర మంచం దగ్గరికి వెళ్లింది. ఆమె నోరు తెరిచేలోపే సుబర్ణి చెయ్యి చాపింది.

"నువ్వు బానే ఉన్నాడన్నప్పుడల్లా వాటి చలవే అనుకున్నా దీదీ. ఇటియ్యి, మళ్లీ తొడుగుతా."