చుక్కాని మా వాకిట్లో ఉన్న రోజులు

మా ఆయన కొండలయ్య సరుకుల ఓడలో వంటవాడు. ఆ ఓడని సోమాలియా దొంగలు పట్టుకున్నారన్న సంగతి నాకు టీవీ చెప్పింది కానీ కంపెనీ చెప్పలేదు. ఆయన్ని ఓడెక్కించిన ఏజెంటు బెజవాడలో ఉంటాడు. పరుగెత్తుకుంటూ వెళితే, "మాట్లాడుతున్నారమ్మా, కంగారు పడకండి" అన్నాడు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు అని నిలదీస్తే ఫోను చెవికి పెట్టుకుని పక్కకెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి బల్ల మీదున్న గాజు ఓడబొమ్మ తీసి నేలకేసి కొడదామనిపించింది. కొట్టలేదు. బయటికొచ్చి బస్టాండులో కూర్చుని ఏడ్చాను.

మా ఆయనకి ఓడల మోజేం లేదు. మాది నాగాయలంక అవతల సముద్రపొడ్డున చిన్న పాలెం. తాతల నాటి నుంచీ వలే మా బతుకు. పెద్ద మరబోట్లు ఒడ్డుదాకా వచ్చి, అడుగునున్న పిల్ల చేపతో సహా గీకేసుకుపోవడం మొదలెట్టాక మా వలల్లోకి పీతలూ నాచూ తప్ప పెద్దగా ఏమీ రాలేదు. ఒడ్డు దగ్గరికి అవి రాకూడదని రూలుంది. రూలు ఆఫీసులో ఉంది, బోట్లు మా నీళ్ళలో ఉన్నాయి. చూసి చూసి విసిగిపోయి మా ఆయన గరిట పట్టుకుని ఓడెక్కాడు. చేపల పులుసు నాకంటే బాగా పెడతాడు. ఆ మాట ఆయన ముందు ఎప్పుడూ ఒప్పుకోలేదనుకోండి.

ఒకరోజు చేపలు ఎండబెడుతుంటే సెల్లు మోగింది. ఏదో పెద్ద నంబరు.

"తిరుమలా, నేనే."

"మావా, తిన్నావా?" అన్నాను. అంత భయంలోనూ నా నోట్లోంచి ముందు అదే వచ్చింది.

"నేను వండితేనే కదే ఇక్కడ ఎవరైనా తినేది. దొంగలకి కూడా నేనే వండుతున్నా. చింతపండు పులుపు అలవాటు చేశా."

ఏడుస్తూనే నవ్వాను. "కొడుతున్నారా?"

"నన్ను కొట్టలేదు. వంటగది దగ్గర నాకు కాపలా ఉన్నోడు కూడా ఒకప్పుడు వలేసినోడే. వచ్చీరాని హిందీలో చెబుతుంటాడు. ఎక్కడెక్కడి దేశాల ఓడలో ఏంటో వచ్చి వాళ్ళ చేపంతా ఊడ్చుకుపోయాయంట. అడగడానికి వాళ్ళకి సర్కారే లేదంట. మొదట్లో ఆ ఓడల్నే పట్టుకుని నష్టం కట్టించుకునేవాళ్ళు. తర్వాత డబ్బు పెట్టే పెద్దమనుషులు వెనకాల చేరారు, తుపాకులు వచ్చాయి. ఇప్పుడు ఏ ఓడైనా ఒకటే వాళ్ళకి. మమ్మల్ని పట్టుకోడానికి యుద్ధనౌకలు వస్తున్నాయి, మా చేప పోయేటప్పుడు ఒక్కటీ రాలేదేం అంటాడు."

నాకు తిక్కరేగింది. "వాడి మీద నీకు జాలేంటి మావా? చేప మనకీ పోయింది. మనం ఎవడి మెడ మీదన్నా తుపాకీ పెట్టామా?"

"జాలి కాదే, చెబుతున్నానంతే" అన్నాడు. లైను తెగిపోయింది.

ఆ వారమే మా మరిది జానకిరామ్ రొప్పుతూ వాకిట్లోకొచ్చాడు. "వదినా, మన వల మీదుగా ఎవడో మరబోటు పోనిచ్చాడు. వల ముక్కలైపోయింది. అందరం కలిసి బోటుని ఒడ్డుకి లాక్కొచ్చాం."

అది మా ఆయన ఓడ జీతంతో కొన్న వల. మరిది దాన్ని వేసుకుంటూ రెండిళ్ళూ నడుపుతున్నాడు. నేను ఆ బోటువాళ్ళని ఏడు తరాలు కలిపి తిట్టాను.

మా పాలెంలో ఇలాంటప్పుడు ఒక ఆనవాయితీ ఉంది. వల కోసిన బోటు చుక్కాని ఊడదీసి, వల పోయినవాళ్ళ వాకిట్లో పడేస్తారు. బోటు ఓనరు వచ్చి నష్టం తీర్చేదాకా అది అక్కడే ఉంటుంది. చుక్కాని లేకపోతే బోటు కదలదు కదా. అందాకా బోటులో మనుషులూ పాలెం దాటకూడదు. వాళ్ళకి ఆ ఇల్లే అన్నం పెట్టాలి. చుక్కాని లేవాలంటే మాత్రం ఆ ఇంటి ఆడమనిషి ఊఁ అనాలి. అలా మా వాకిట్లోకి చుక్కాని వచ్చింది.

మనుషుల్ని తుఫాను షెల్టరులో కూర్చోబెట్టారు. బోటు నడిపే సరంగు పేరు ఎర్రన్న, శ్రీకాకుళం వైపు మనిషి. మిగతావాళ్ళూ ఆ వైపువాళ్ళే. నేను కసికసిగా వండి, విసవిసా వడ్డించాను. అందరూ తిన్నారు, ఎర్రన్న ముద్ద ముట్టలేదు.

"ఏం, మా కూర పనికిరాదా?" అన్నాను.

"అది కాదు తల్లీ. మా ఫోన్లు ఒగ్గీమన్నారు, ఇచ్చీసినాం. మా ఆడది నిండు నెలల మనిసి. ఓపాలి మాటాడనీ" అన్నాడు.

నా సెల్లే కలిపి ఇచ్చాను. అవతల గొంతు నాకూ వినిపిస్తోంది. "కొడతన్నారేటి? కూడెడతన్నారా?" అంటోంది ఆ పిల్ల. ఎర్రన్న నోరు తెరిచేలోగా నేనే ఫోను లాక్కున్నాను.

"కొట్టట్లేదమ్మా. నేనే వండి పెడుతున్నాను" అన్నాను. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు సిగ్గేసింది. చెప్పలేనంత సిగ్గేసింది. మా ఆయన పక్కన తుపాకీ పట్టుకుని కూర్చున్నవాడి పెళ్ళానికీ నాకూ తేడా ఏముందనిపించింది.

"ఒడ్డుకెందుకొచ్చావయ్యా అసలు?" అని అడిగాను ఎర్రన్నని.

"లోతుకెళ్తే డీజిలు కర్సు రాదని ఓనరు ఒడ్డుకెల్లమంటాడు. మా ఊరికాడ సేప ఉంటే ఈ ఊరెందుకొస్తాం తల్లీ" అన్నాడు.

నేరుగా పాలెం పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. "మనుషుల్ని పంపేద్దాం బాబాయ్. బోటు ఉంచుకుందాం."

"మనుషుల్ని వదిలేస్తే ఓనరు ఎందుకొస్తాడే?"

"ఉంటే మాత్రం వస్తాడా? మా ఆయన కోసం ఎవడొచ్చాడు? వంటవాడు పోతే ఇంకో వంటవాడు, సరంగు పోతే ఇంకో సరంగు. వాళ్ళకి కావలసింది బోటు. దానికోసమే వస్తాడు."

మరిది మండిపడ్డాడు. "వల పోయింది మనది వదినా. పిల్లలకి ఏం పెడతాం?"

"వాకిలి నాది. ఆనవాయితీ ప్రకారం మాటా నాదే" అన్నాను. మనుషుల్ని పంపి చుక్కాని ఉంచుకోవడం మా పాలెంలో ఎవరూ ఎరగరు. పెద్దాయన చాలాసేపు గడ్డం గీరుకుని, కానీయమన్నాడు. నేనే నాగాయలంక దాకా వెళ్ళి వాళ్ళని బస్సెక్కించాను.

ఓనరు రాలేదు. వారం గడిచింది, కబురూ రాలేదు. మరిది నాతో మాటలు మానేశాడు. పాలెంలో ఆడవాళ్ళు కూడా నన్ను చూసి గుసగుసలు పోయారు. తొందరపడ్డానా అని నాకూ గుబులు పట్టుకుంది.

అప్పుడు మళ్ళీ ఆయన ఫోను వచ్చింది. జరిగిందంతా గబగబా చెప్పేశాను. ఆయన పక్కనున్న ఆ కాపలావాడికి హిందీలో ఏదో చెప్పాడు. తర్వాత కొత్త గొంతు ఒకటి నెమ్మదిగా ఏదో అడిగింది.

"తిరుమలా, ఇతను అడుగుతున్నాడు. మనుషుల్ని వదిలేశాక ఆ ఓనరు వచ్చాడా అని."

"ఎందుకడుగుతున్నాడు మావా?" అన్నాను.

"ఇక్కడ వీళ్ళలో వీళ్ళకి గొడవగా ఉందే. నాకు జ్వరం తగ్గట్లేదు. జబ్బు చేసినవాళ్ళని ముందు పంపేద్దామని ఇతను అంటున్నాడు. పంపితే కంపెనీ ఇక పలకదని మిగతావాళ్ళు అంటున్నారు. ఏం చెప్పమంటావు?"

ఆయనకి జ్వరమన్న మాట అప్పుడే వినడం. చుక్కాని నా ఎదురుగానే ఉంది, ఎక్కడిదక్కడే.

"వచ్చాడని చెప్పు మావా" అన్నాను. "మన వాకిట్లో కూర్చుని మాట్లాడి, మీ నీళ్ళలోకి ఇక రానని చెప్పి వెళ్ళాడని చెప్పు."

ఫోను పెట్టేశాను. అబద్ధమైతే ఆడేశాను. రేపు ఆయన మళ్ళీ ఫోను చేస్తే, ఆ మనిషి ఇంకా ఏమైనా గుచ్చి గుచ్చి అడిగితే? ఆ మాట నిజం చెయ్యాల్సిందే. చీర మార్చుకుని, కిందటేడు వల పోగొట్టుకున్న సంపూర్ణమ్మత్తని వెంటబెట్టుకుని బెజవాడ బస్సెక్కాను.

బోటు ఓనరు అచ్యుతరామారావుగారి ఇల్లు సూర్యారావుపేటలో. పెద్ద గేటు. మేం పాలెం పేరు చెప్పి ఎండలో నిలబడి ఉంటే ఆయన భార్య జ్ఞానేశ్వరిగారు బయటికొచ్చారు. నెమ్మదైన మనిషే.

"వల డబ్బుల గురించేనా అమ్మా? ఆయన గుమాస్తాతో పంపిస్తానన్నారండీ" అన్నారు.

"డబ్బులు గుమాస్తాతో పంపినా పర్లేదండీ. అయ్యగారు మాత్రం స్వయంగా రావాలి. మా వాకిట్లో కూర్చోవాలి, మా నీళ్ళు చూడాలి, ఇక ఒడ్డుకి రామని ఒక్క మాట చెప్పాలి."

"ఆయనకి తీరికుండదమ్మా. రాకపోతే ఏమవుతుంది?"

"మా ఆయన ఇంటికి రాడండీ" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. నా మొహంలోకి కాసేపు చూసి, తనే వచ్చి గేటు గడియ తీశారు.