చాబీ బిగించే వైపు

…అయినా చేతికి ఎవరు చెప్పగలరు? బుద్ధి విన్నది, చెయ్యి వినలేదు. ఊడగొట్టమన్న చాబీని తవిటయ్య సుత్తి ఇంకా బిగించేసింది. పట్టాను కదలకుండా పట్టి ఉంచే ఇనుప చీల అది. ఇన్నేళ్లూ లైను వెంట నడుస్తూ, వదులైన చాబీలను బిగించడమే అతని ఉద్యోగం.

"ఏటి మావా, పీనుక్కి పెళ్లి సేస్తన్నావేటి?" అన్నాడు గ్యాంగులో దేముడు. అందరూ నవ్వారు. పట్టాలు పీకిస్తున్న కంట్రాక్టరు నవ్వలేదు. చేతికర్రతో తవిటయ్య మోచేతి మీద ఒక్కటిచ్చాడు.

రెండో దెబ్బ ఊడే వైపే పడింది. చాబీ కంకరలో పడింది. తప్పు నాది కాదు, చేతిది అనుకోవడంలో ఎంత సుఖముందో తవిటయ్యకు అప్పుడు తెలిసింది.

ఈ చిన్న లైను అతని తండ్రి నూకయ్య తరం వేసింది. బొబ్బిలి వైపు నుంచి కరువులో వచ్చి, జ్వరాలతో రాలిపోతూ, ఎర్రమట్టి మోసి కట్ట వేశారు. రోడ్డు లేని ఊళ్లకు పట్నంలోని గోల్‌బజారుకు దారి అదొక్కటే. ఇప్పుడు నష్టమని బండి ఆపేశారు. పట్టాలను పాత ఇనుము కింద అమ్మేశారు.

పొద్దెక్కేసరికి ఊళ్లు కదిలొచ్చాయి. వర్క్‌షాపు ఫిట్టరు సమూయేలు తన వాళ్లతో వచ్చాడు. అందరూ పట్టాల మీద కూర్చున్నారు. ముందు దాలమ్మ, పక్కన వంకాయల గంప. ఈ బండి మీద కూరలు అమ్ముకునే బతికింది.

"ఇయాల లైను పీకుతారు, రేపు మనల్ని పీకుతారు," అన్నాడు సమూయేలు.

"మా డ్యూటీ పోతే పిల్లలకి తిండెవడెడతాడు, దాదా?" దేముడు అడిగాడు.

"ఇన్నాల్లూ నీ పిల్లలు తిన్నది ఈ గంపలోయే గదరా," అన్నాడు సమూయేలు.

దాలమ్మ తవిటయ్య వైపు తిరిగింది. "తమ్ముడూ, మీ బాబు పానం పోయింది ఈ కట్ట మీదే. ఎవులి కోసం పీకుతన్నావు?"

"హుకుం, అక్కా."

"హుకుం ఆల్లది. సెయ్యి ఎవులిది?"

అంతలో పోలీసులు దిగారు. "హఠో, లేవండి" అని ఒక్కసారే అన్నారు. తర్వాత లాఠీలు మాట్లాడాయి. సమూయేలు దవడ పగిలింది. ఒక ముసలాయన కట్ట మీంచి దొర్లిపోయాడు. జనం కంకర రాళ్లు విసిరారు. దాలమ్మ లేవలేదు. పట్టా చుట్టూ చేతులు వేసి పడుకుంది. లాఠీ ఆమె తల మీద దిగింది, మళ్లీ దిగింది.

ఆ చప్పుడు తవిటయ్యకు కొత్త కాదు. పొద్దున చాబీ ఊడినప్పుడు విన్నదే. అది తన చేతిలోంచే వచ్చిందని అతనికి అనిపించింది. వంకాయలు దొర్లి నెత్తుట్లో ఆగాయి. ఆమె చేతులు మాత్రం పట్టాను వదల్లేదు.

"శవాన్ని లాగేసి పని కానివ్వండి," అన్నాడు కంట్రాక్టరు.

గ్యాంగులో ఎవరూ కదల్లేదు. సమూయేలు దవడ పట్టుకుని తిరిగొచ్చి దాలమ్మ పక్కన కూర్చున్నాడు. మాట్లాడే నోరు లేదు. అతని వెనక చెదిరినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. దేముడు గడ్డపార కింద పడేశాడు.

తవిటయ్య కంకరలో వంగి వెతికాడు. పొద్దున ఊడిన చాబీ దొరికింది. దాని మీది నెత్తురు చొక్కాకు తుడిచాడు. దాన్ని దాని చోట పెట్టి, సుత్తి ఎత్తి, బిగించే వైపు నుంచి కొట్టాడు.